ఇంటి వైఫైకి ఏ సెక్యూరిటీ ఆప్షన్ పెట్టాలి? పేరు దాచితే, మ్యాక్ ఫిల్టర్ పెడితే చాలా?

మీ ప్రశ్నలో మూడు నాలుగు సంగతులు కలిసి ఉన్నాయి. రౌటర్ సెట్టింగ్స్ తెరిస్తే సెక్యూరిటీ దగ్గర ఓపెన్, వెప్, డబ్ల్యూపీఏ, డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ2/డబ్ల్యూపీఏ3 అని వరుసగా కనిపిస్తున్నాయి, ఏది ఎంచుకోవాలో తెలియడం లేదన్నారు. ఇప్పుడు అక్కడ డబ్ల్యూపీఏ, పక్కన టీకేఐపీ అని ఉంది. పాస్‌వర్డేమో మీ ఫోన్ నంబర్. నెట్ నెమ్మదిగా వస్తోంది కాబట్టి పక్కింటివాళ్లు వాడుకుంటున్నారేమోనని టెన్షన్ పడుతున్నారు. నెట్‌వర్క్ పేరు దాచేసి, మ్యాక్ ఫిల్టర్ (మనం జాబితాలో పెట్టిన పరికరాలనే రానిచ్చే సెట్టింగ్) పెట్టుకుంటే చాలని తెలిసినవాళ్లు చెప్పారట.

నేను ఇళ్లకూ చిన్న ఆఫీసులకూ నెట్‌వర్కులు పెట్టే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. ఇదే ప్రశ్న చాలామంది అడుగుతారు కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను. చేయాల్సిన పని మాత్రం ముందే చెప్పేస్తాను. సెక్యూరిటీని డబ్ల్యూపీఏ2/డబ్ల్యూపీఏ3కి మార్చండి. వైఫై పాస్‌వర్డ్ ఈ రోజే మార్చండి. డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ టైప్ చేయకుండా కలిపే సదుపాయం) ఆఫ్ చేయండి. రౌటర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లడానికి వాడే అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా మార్చండి. పేరు దాచడం, మ్యాక్ ఫిల్టర్ జోలికి పోవద్దు.

ముందు ఆ స్పీడ్ సంగతి. పక్కింటివాళ్లను అనుమానించే ముందు టీకేఐపీని, అంటే మీ రౌటర్ ఇప్పుడు వాడుతున్న పాత ఎన్‌క్రిప్షన్ (డేటాను ఇతరులు చదవలేకుండా మార్చే) పద్ధతిని అనుమానించండి. 2009లో వచ్చిన 802.11ఎన్ ప్రమాణం నుంచీ, అంటే ఇప్పుడు వైఫై 4 అని పిలుస్తున్న దాని నుంచీ, టీకేఐపీతో ఎక్కువ వేగాలు అనుమతించరు. టీకేఐపీ ఎంచుకుంటే చాలా రౌటర్లు పాత పద్ధతికి దిగిపోతాయి. అక్కడ గరిష్ఠ వేగం సెకనుకు 54 మెగాబిట్లే. అదీ కాగితం మీద లెక్క, చేతికి అందేది దాదాపు అందులో సగం. మీ కనెక్షన్ ఎంత వేగానిదైనా ఆ సన్నటి గొట్టంలోంచే రావాలి. నా దగ్గరికి 'ఎవరో మా వైఫై దొంగిలిస్తున్నారు' అని వచ్చినవాళ్లలో ఈ ఒక్క సెట్టింగ్ మార్చగానే సమస్య తీరినవాళ్లు ఉన్నారు. మీ విషయంలోనూ అదే అయ్యుండొచ్చు.

ఇక ఆ పేర్ల సంగతి. అవి ఒకదాని తర్వాత ఒకటి పుట్టాయి, పుట్టిన వరుస తెలిస్తే ఏది ఎంచుకోవాలో ఎవరూ చెప్పక్కర్లేదు. వెప్ 1997 నాటిది, వైఫై మొదటి ప్రమాణంతో పాటే వచ్చింది. గాలిలో వెళ్లే ప్రతి ప్యాకెట్‌కీ (డేటా ముక్కకీ) తాళం కొంచెం మారాలని అందులో 24 బిట్ల సంఖ్య ఒకటి కలిపారు. 24 బిట్లంటే దాదాపు 1 కోటి 68 లక్షల విలువలు. వినడానికి ఎక్కువే కానీ బిజీగా ఉండే నెట్‌వర్క్‌లో అవి కొన్ని గంటల్లోనే అయిపోయి మళ్లీ మొదటికి వస్తాయి. వాడిన తాళమే మళ్లీ వాడడం ఎన్‌క్రిప్షన్‌లో చేయకూడని పని. 2001లో ముగ్గురు పరిశోధకులు దీనిలో లోపాన్ని లెక్కలతో సహా చూపించారు. 2007 నాటికి వెప్ తాళం తీయడానికి ఒక్క నిమిషం కూడా పట్టని పద్ధతులు వచ్చాయి. వెప్ పెట్టిన ఇల్లు, తలుపు దగ్గరగా వేసి గడియ పెట్టని ఇల్లూ ఒకటే.

అప్పటికే అమ్ముడైన రౌటర్లను పారేయకుండా, వాటిమీదే నడిచేలా 2003లో ఒక తాత్కాలిక ఏర్పాటు చేశారు. అదే డబ్ల్యూపీఏ, దాని లోపల నడిచేది టీకేఐపీ. అది మొదటి నుంచీ అతుకే. అసలు పరిష్కారం 2004లో డబ్ల్యూపీఏ2గా వచ్చింది. దాని లోపల ఏఈఎస్ అనే ఎన్‌క్రిప్షన్ ఉంటుంది, దాన్ని నేరుగా ఛేదించినవాళ్లు ఇప్పటివరకూ లేరు. అందుకే సెట్టింగ్స్‌లో టీకేఐపీ, ఏఈఎస్, రెండూ కలిపి అని మూడు కనిపిస్తే కళ్లు మూసుకుని ఏఈఎస్ ఎంచుకోండి. కొన్ని రౌటర్లలో దాన్నే సీసీఎంపీ అని కూడా రాస్తారు. డబ్ల్యూపీఏ3 2018లో వచ్చింది. 2020 జులై నుంచి వైఫై సర్టిఫికెట్ పొందే ప్రతి కొత్త పరికరంలోనూ అది ఉండి తీరాలి. ఎంటర్‌ప్రైజ్ అనే ఆప్షన్ కూడా కొన్నింటిలో ఉంటుంది. దానికి విడిగా ఒక సర్వర్ కావాలి, అది ఆఫీసుల కోసం. ఇంటికి పర్సనల్ అని ఉన్నదే.

డబ్ల్యూపీఏ2 అంత గట్టిదైతే ఇళ్లలో వైఫైలు ఎలా పోతున్నాయి? ఎన్‌క్రిప్షన్ బాగున్నా పాస్‌వర్డ్ దగ్గర పోతున్నాయి. ఇక్కడ కొంచెం ఓపికగా చదవండి, ఈ మొత్తంలో నాకు ముఖ్యమనిపించేది ఇదే.

మీ ఫోన్ వైఫైకి కనెక్ట్ అయ్యేటప్పుడు రౌటర్‌తో నాలుగు సందేశాలు మార్చుకుంటుంది. ఇద్దరికీ ఒకే పాస్‌వర్డ్ తెలుసని, పాస్‌వర్డ్‌ను గాలిలో చెప్పకుండానే రుజువు చేసుకోవడం దాని ఉద్దేశం. దీన్ని హ్యాండ్‌షేక్ అంటారు. మీ సిగ్నల్ అందే దూరంలో ఉన్న ఎవరైనా ఆ నాలుగు సందేశాలనూ రికార్డ్ చేసుకోవచ్చు. మీరు ఎప్పుడు కనెక్ట్ అవుతారా అని కాచుకుని కూర్చోవాల్సిన పని కూడా లేదు. డబ్ల్యూపీఏ2లో చాలా రౌటర్లకు 'ఈ ఫోన్‌ను తెంచెయ్' అనే దొంగ సందేశం పంపితే ఫోన్ ఒక్క క్షణం విడిపోయి, వెంటనే తనంతట తాను మళ్లీ కనెక్ట్ అవుతుంది. ఆ క్షణంలో హ్యాండ్‌షేక్ దొరికిపోతుంది. 2018లో ఇంకో దారి బయటపడింది. కొన్ని రౌటర్ల విషయంలో ఏ ఫోనూ కనెక్ట్ అయి ఉండక్కర్లేదు, రౌటర్‌ను అడిగితే అదే చాలినంత సమాచారం ఇచ్చేస్తుంది.

ఒక్కసారి అది దొరికాక దాడి చేసేవాడికి మీ ఇంటితో పని లేదు. ఎక్కడో తన కంప్యూటర్ ముందు కూర్చుని ఒక్కో పాస్‌వర్డ్ ఊహించి సరిపోతుందా అని చూసుకుంటూ పోతాడు. మీ రౌటర్‌కు ఆ సంగతే తెలియదు. ఎన్ని తప్పు ఊహలు చేసినా అడ్డుకునేవారు ఉండరు. ప్రతి ఊహకూ కొంత శ్రమ పడేలా లెక్కను 4,096 సార్లు తిప్పి చేయాలని నిబంధన పెట్టారు. అయినా ఈ రోజుల్లో గేమ్‌లకు వాడే ఒక మంచి గ్రాఫిక్స్ కార్డ్ సెకనుకు పది లక్షలకు పైగా ఊహలు పరీక్షించగలదు.

ఇప్పుడు మీ ఫోన్ నంబర్ లెక్క చూద్దాం. 10 అంకెలంటే మొత్తం 1,000 కోట్ల అవకాశాలు. సెకనుకు పది లక్షల చొప్పున 10,000 సెకన్లు, అంటే మూడు గంటలు కూడా పట్టదు. నంబర్లు మొదలయ్యే అంకెలు కొన్నే కాబట్టి నిజానికి ఇంకా తక్కువే. పుట్టినరోజును 8 అంకెల్లో పెట్టుకునేవాళ్లది 100 సెకన్ల పని. అడ్డదిడ్డంగా ఎంచుకున్న 8 చిన్న ఇంగ్లిష్ అక్షరాలకు రెండున్నర రోజులు. అదే 12 అక్షరాలైతే ఆ ఒక్క కార్డ్‌కు మూడు వేల ఏళ్లు. నాలుగు అక్షరాలు పెరిగితే అంత తేడా వచ్చింది. పొడవు చేసే మేలు, మధ్యలో ఒక డాలర్ గుర్తో చివర 123ఓ పెట్టడం చేయలేదు. ఆ అలవాట్లన్నీ ఊహించే సాఫ్ట్‌వేర్‌లకు ముందే తెలుసు.

నేను అందరికీ చెప్పేది ఇది. ఒకదానితో ఒకటి సంబంధం లేని అయిదు మాటలు తీసుకోండి. గొడుగు, మిరియం, నిచ్చెన లాంటి మామూలు మాటలే చాలు, కానీ మనసుకు తోచినవి రాయకుండా డిక్షనరీని కళ్లు మూసుకుని తెరిచి వేలు పెట్టిన చోట ఉన్న మాట తీసుకోండి. మనసు ఎప్పుడూ తెలిసిన దారినే పోతుంది, అందుకే ఈ జాగ్రత్త. వాటిని ఇంగ్లిష్ అక్షరాల్లో, మధ్యలో గీతలతో కలిపి రాయండి. పాస్‌వర్డ్ 63 అక్షరాల దాకా ఉండొచ్చు కాబట్టి అయిదు మాటలు తేలిగ్గా పడతాయి. సామెతలు, పాటల పల్లవులు, దేవుళ్ల పేర్లు, పిల్లల పేర్లు వద్దు. తెలుగు మాటలతో ఒక చిక్కు ఉంది. తాడు అనే మాటకు ఒకరు హెచ్ పెడతారు, ఒకరు పెట్టరు. దీర్ఘానికి ఒకరు రెండు ఏలు రాస్తారు, ఒకరు ఒకటే రాస్తారు. మీరు పెట్టిన స్పెల్లింగ్ ఇంట్లో ఇంకొకరికి తట్టదు. కాబట్టి కాగితం మీద స్పష్టంగా రాసి బీరువాలో పెట్టుకోండి. ఇంట్లో కాగితం మీద రాసుకోవడం తప్పేమీ కాదు, మీరు భయపడాల్సిన మనిషి మీ బీరువా తెరవడు, గోడ అవతల ఉంటాడు. వచ్చినవాళ్లకు ఫోన్‌లో క్యూఆర్ కోడ్ చూపించొచ్చు. కానీ ఆ కోడ్‌లో పాస్‌వర్డ్ ఉన్నదున్నట్టే ఉంటుంది, దాన్ని ఫొటో తీసి గ్రూపుల్లో పెట్టొద్దు.

నెట్‌వర్క్ పేరు కూడా మార్చండి. ఆ 4,096 సార్ల లెక్కలో మీ నెట్‌వర్క్ పేరు కూడా కలుస్తుంది. చాలామంది రౌటర్‌తో వచ్చిన పేరే ఉంచేస్తారు కాబట్టి అలాంటి మామూలు పేర్లకు జవాబులు ముందే లెక్కకట్టిన జాబితాలు తయారై ఉన్నాయి. కొత్త పేరులో ఇంటి పేరు, ఫ్లాట్ నంబర్, రౌటర్ మోడల్ లేకుండా చూసుకోండి.

డబ్ల్యూపీఏ3 మీద నాకు గౌరవం ఉన్నది సరిగ్గా ఈ ఊహించే పని దగ్గరే. అందులో హ్యాండ్‌షేక్ తీరే వేరు, దాన్ని ఎస్‌ఏఈ అంటారు. రికార్డ్ చేసి ఇంటికి తీసుకెళ్లినా ఊహలు పరీక్షించుకోవడానికి పనికిరాదు. ఒక్కో ఊహకూ మీ రౌటర్ ముందుకే వచ్చి అడగాలి. అప్పుడు సెకనుకు పది లక్షలన్న మాటే ఉండదు. రేపెప్పుడో పాస్‌వర్డ్ బయటపడినా ఈ రోజు రికార్డ్ చేసుకున్న డేటా తెరుచుకోదు. ఫోన్‌ను తెంచే దొంగ సందేశాలను అడ్డుకునే రక్షణ కూడా ఇందులో తప్పనిసరి. 2019లో దీనిలోనూ కొన్ని లోపాలు కనిపెట్టారు, అప్‌డేట్లతో సరిచేశారు.

మిశ్రమ మోడ్‌లో, అంటే డబ్ల్యూపీఏ2/డబ్ల్యూపీఏ3 కలిపి పెట్టినప్పుడు, ఒక సంగతి మరిచిపోవద్దు. రెండింటికీ పాస్‌వర్డ్ ఒక్కటే. ఒక పాత ఫోన్ డబ్ల్యూపీఏ2 దారిలో వస్తే దాని హ్యాండ్‌షేక్ పాత పద్ధతిలోనే దొరుకుతుంది. కాబట్టి డబ్ల్యూపీఏ3 అన్న పేరు చూసి బలహీనమైన పాస్‌వర్డ్ పెట్టొద్దు. ఇంట్లో పరికరాలన్నీ కొత్తవైతే డబ్ల్యూపీఏ3 ఒక్కటే పెట్టి చూడండి, అన్నీ కనెక్ట్ అయితే అలాగే ఉంచేయండి. రౌటర్‌లో డబ్ల్యూపీఏ3 లేకపోతే దిగులు పడకండి. ఏఈఎస్‌తో డబ్ల్యూపీఏ2, అయిదు మాటల పాస్‌వర్డ్ ఉంటే మీ ఇల్లు చాలా ఇళ్లకన్నా భద్రంగా ఉన్నట్టే.

అంత కష్టపడి పెట్టిన పాస్‌వర్డ్‌ను ఒక్క దెబ్బతో వ్యర్థం చేసేది డబ్ల్యూపీఎస్. పాస్‌వర్డ్ టైప్ చేయకుండా తేలిగ్గా కనెక్ట్ అవడానికి పెట్టిన సదుపాయం అది. దానిలో 8 అంకెల పిన్ ఉంటుంది. చివరి అంకె మిగతా ఏడింటి నుంచి లెక్కకట్టి వచ్చేదే. పైగా రౌటర్ మొదటి నాలుగు అంకెలను విడిగా, తర్వాతి వాటిని విడిగా సరిచూస్తుంది. అంటే పది కోట్ల అవకాశాలు కాస్తా 10,000కు 1,000 కలిపి 11,000కు పడిపోయాయి. 2011 డిసెంబర్‌లో ఇది బయటపడింది. పిన్ దొరికితే రౌటర్ తనే పాస్‌వర్డ్ చెప్పేస్తుంది, మీరు పెట్టింది 8 అక్షరాలైనా 63 అయినా. సెట్టింగ్స్‌లో డబ్ల్యూపీఎస్ ఎక్కడ కనిపించినా ఆపేయండి. ఆ కాలపు పాత రౌటర్లలో కొన్నింటికి ఆఫ్ చేసినా ఆగేది కాదు. మీది నిజంగా అంత పాతదైతే కొత్తది కొనడమే మేలు.

పేరు దాచడం గురించి చెప్పినవాళ్లు మంచి మనసుతోనే చెప్పి ఉంటారు. కానీ దాచితే రౌటర్ తన పేరు చాటడం మానుతుంది తప్ప, మీ ఫోన్ కనెక్ట్ అయ్యే ప్రతిసారీ ఆ పేరును గాలిలో మామూలుగానే పలుకుతుంది. వినేవాడికి అది చాలు. ఇంకో నష్టం కూడా ఉంది. రౌటర్ పిలవదు కాబట్టి ఫోనే వెతుక్కోవాలి. మీరు బయట ఎక్కడ తిరుగుతున్నా 'ఆ పేరున్న నెట్‌వర్క్ ఇక్కడుందా' అని అది అడుగుతూ పోతుంది. ఇంట్లో దాచామనుకున్న పేరును ఊరంతా చెప్పుకుంటూ తిరగడమే అది.

మ్యాక్ ఫిల్టర్ కథ కూడా అలాంటిదే. ప్రతి పరికరానికీ ఉండే మ్యాక్ అడ్రస్ ఎన్‌క్రిప్షన్ లోపలికి రాదు, డబ్ల్యూపీఏ3లో కూడా ప్రతి ప్యాకెట్ మీదా బయటే కనిపిస్తుంది. మీ ఫోన్ అడ్రస్ చూసి, తన పరికరానికి అదే పెట్టుకోవడం రెండు నిమిషాల పని. ఇబ్బంది పడేది మీరే. ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచీ ఫోన్లు మన గోప్యత కోసం అసలు అడ్రస్ బదులు కల్పిత అడ్రస్ వాడుతున్నాయి. దాంతో మీ ఫోన్‌నే మీ రౌటర్ బయట నిలబెడుతుంది. రౌటర్‌లో కనెక్ట్ అయిన పరికరాల జాబితాలో కొత్త పేరు కనిపించగానే కంగారు పడొద్దనేది కూడా ఇందుకే, అది మీ ఫోనే అయ్యుండొచ్చు. ఎవరైనా వాడుకుంటున్నారేమో అన్న అనుమానం తీరాలంటే పాస్‌వర్డ్ మార్చి, మీ పరికరాలను ఒక్కొక్కటే కలుపుకుంటూ రండి. పాత పాస్‌వర్డ్‌తో ఉన్నవాళ్లంతా ఆ క్షణమే బయటికి పోతారు.

అడ్మిన్ పాస్‌వర్డ్ గురించి ఒక అనుభవం చెప్పాలి. మా బంధువుల ఇంట్లో వైఫై పాస్‌వర్డ్ నేనే పొడుగ్గా పెట్టి వచ్చాను. అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చడం మరిచిపోయాను, రౌటర్‌తో వచ్చినదే ఉండిపోయింది. కొన్ని నెలలకు వాళ్ల ఫోన్లలో, ల్యాప్‌టాప్‌లో, టీవీలో కూడా ఎక్కడికి వెళ్లబోయినా సంబంధం లేని పేజీలు తెరుచుకోవడం మొదలైంది. వాళ్లు పాపం ఫోన్లు రెండుసార్లు ఫార్మాట్ చేయించారు. చివరికి చూస్తే రౌటర్‌లో డీఎన్‌ఎస్ సర్వర్ చిరునామా మారి ఉంది. వెబ్‌సైట్ పేరును దాని అసలు చిరునామాగా మార్చి చెప్పేది డీఎన్‌ఎస్. అది దొంగ చేతిలో ఉంటే ఇంట్లో ప్రతి పరికరమూ దారి తప్పుతుంది. నేను ఆ రెండు నిమిషాల పని మరిచిపోయినందుకు వాళ్లు అన్ని రోజులు ఇబ్బంది పడ్డారు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. అందుకే ఎవరింటికి వెళ్లినా ముందు అదే చూస్తాను.

ఫ్యాక్టరీ పాస్‌వర్డ్లు మార్చకపోతే ఎంత దూరం వెళ్తుందో 2016లో మిరాయ్ అనే హానికర సాఫ్ట్‌వేర్ చూపించింది. అది సుమారు 60 మామూలు యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతల జాబితా పట్టుకుని ఇంటర్నెట్‌లో కనిపించిన కెమెరాలనూ రౌటర్లనూ ఒక్కొక్కటే తట్టి చూసింది. తెరుచుకున్నవాటినన్నింటినీ సైన్యంగా మార్చుకుంది. ఆ ఏడాది అక్టోబర్ 21న డైన్ అనే డీఎన్‌ఎస్ సంస్థ మీద అలాంటి సైన్యమే దాడి చేస్తే ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి కొన్ని గంటలపాటు చాలామందికి తెరుచుకోలేదు. కాబట్టి వైఫై పాస్‌వర్డ్‌తో సంబంధం లేని అడ్మిన్ పాస్‌వర్డ్ పెట్టండి. రిమోట్ మేనేజ్‌మెంట్ అని ఉంటే ఆపండి, ఇంటి బయటి నుంచి రౌటర్ సెట్టింగ్స్ తెరవాల్సిన అవసరం మీకు రాదు. యూపీఎన్‌పీ కూడా ఆపి చూడండి. దానితో ఇంట్లోని ఏ పరికరమైనా మిమ్మల్ని అడగకుండా బయటికి తలుపు తెరుచుకోగలదు. గేమ్ కన్సోల్ ఏదైనా మొరాయిస్తే అప్పుడు మళ్లీ ఆలోచించవచ్చు.

ఫర్మ్‌వేర్ (రౌటర్ లోపల నడిచే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లు ఆటోమేటిక్‌గా వచ్చేలా పెట్టండి. 2017లో డబ్ల్యూపీఏ2 హ్యాండ్‌షేక్‌లో క్రాక్ అనే లోపం, 2021లో ఫ్రాగ్‌అటాక్స్ అనే లోపాల గుంపు బయటపడ్డాయి. రెండోదానిలో కొన్ని 1997 నుంచీ వైఫై డిజైన్‌లోనే దాగి ఉన్నవి. రెండింటికీ మందు అప్‌డేటే, రౌటర్‌కూ ఫోన్లకూ. తయారుచేసిన కంపెనీ అప్‌డేట్లు ఆపేసిన రౌటర్ చక్కగా పనిచేస్తున్నట్టు కనిపించినా దాన్ని మార్చేయండి. సెకండ్ హ్యాండ్ రౌటర్ అయితే వాడే ముందు ఫ్యాక్టరీ రీసెట్ చేయండి.

మీ ఇంట్లో కెమెరా, స్మార్ట్ టీవీ ఉన్నాయన్నారు. వాటిని గెస్ట్ నెట్‌వర్క్‌లో, అంటే అదే రౌటర్ విడిగా ఇచ్చే రెండో వైఫైలో పెట్టండి. ఇలాంటి వస్తువులకు అప్‌డేట్లు అంతంతమాత్రంగా వస్తాయి. వాటిలో ఒకటి పాడైనా మీ ల్యాప్‌టాప్ ఉన్న వైపుకు రాకుండా ఆ గోడ ఆపుతుంది. చుట్టాలకూ స్నేహితులకూ అదే పాస్‌వర్డ్ ఇవ్వొచ్చు. డబ్ల్యూపీఏ2లో పాస్‌వర్డ్ తెలిసినవాళ్లు, హ్యాండ్‌షేక్ కూడా పట్టుకుంటే, అదే నెట్‌వర్క్‌లోని ఇంకొకరి డేటాను విప్పగలరు. అసలు నెట్‌వర్క్ పాస్‌వర్డ్ ఇంట్లోవాళ్ల దగ్గరే ఉండాలనేది అందుకే. కొన్ని రౌటర్లలో గెస్ట్ నెట్‌వర్క్ ఆన్ చేయగానే పాస్‌వర్డ్ లేకుండా తెరిచి ఉంటుంది, అది ఒకసారి చూసుకోండి.

పనులన్నీ ఒక క్రమంలో చేస్తే మధ్యలో ఇరుక్కోరు. ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో రౌటర్‌కు కలపండి, లేకపోతే వైఫై పాస్‌వర్డ్ మారగానే మీరే బయట పడతారు. ముందు ఫర్మ్‌వేర్, తర్వాత అడ్మిన్ పాస్‌వర్డ్, ఆ తర్వాత డబ్ల్యూపీఎస్ ఆపడం, చివరగా సెక్యూరిటీ, పేరు, వైఫై పాస్‌వర్డ్. 2.4, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్లకు సెట్టింగ్స్ విడివిడిగా ఉంటే రెండుచోట్లా మార్చండి. ఒకటి మార్చి రెండోది పాతదానిలోనే వదిలేసిన ఇళ్లు చాలా చూశాను.

ఇంట్లో పాత ప్రింటర్ ఉంటే అది మొరాయించవచ్చు. మిశ్రమ మోడ్‌ను తట్టుకోలేని పరికరాలు కొన్ని ఉన్నాయి. అప్పుడు గెస్ట్ నెట్‌వర్క్‌ను మాత్రం ఏఈఎస్‌తో డబ్ల్యూపీఏ2లో ఉంచి, ప్రింటర్‌ను దానికి కలిపి చూడండి. గెస్ట్‌లో ఉంటే మీ ల్యాప్‌టాప్ నుంచి ప్రింట్ వెళ్లకపోవచ్చు, ప్రింట్ తీసుకునేటప్పుడు ల్యాప్‌టాప్‌నూ కాసేపు అందులోకి మార్చి చూడండి. అది వెప్ తప్ప ఇంకేదీ తెలియని కాలపుదైతే దానికోసం ఇల్లంతా వెప్‌కు దించొద్దు, యూఎస్‌బీ కేబుల్‌తో వాడుకోండి. దేనికీ లొంగకపోతే ప్రింటర్ మోడల్, రౌటర్ మోడల్ ఇక్కడ రాయండి, చూసి చెబుతాను.